వెడలిపోవుటకు దారి లేనిచోట

ఆంగ్లపాఠము త్వరగా ముగిసి, గంట కొట్టుటకు పది నిమిషములు మిగిలిన దినములలో నేను పిల్లలకు కథ చెప్పుట వాడుక. మా ప్రధానోపాధ్యాయులకు ఈ సంగతి తెలియును, తెలియనట్లు నటింతురు. ఈ యేటి వానకాలమున తొమ్మిదవ తరగతివారికి రాబర్ట్ హైన్‌లైన్ అను అమెరికా రచయిత 1955లో ప్రకటించిన 'టనెల్ ఇన్ ది స్కై' అను నవలను వారము దినములు చెప్పితిని. కథ ముగిసిన నాడు వెనుకబల్లపై కూర్చుండు పిల్లవాడొకడు లేచి, "సార్, వాడు సచ్చినంక గద ఆ మాట తప్పని తెలిసింది. ముందుగాల ఎట్ల తెలుస్తది?" అని యడిగెను. అంతలో గంట కొట్టిరి. రేపు చెప్పెదనంటిని. రేపు అనినది ఎన్ని వారములైనను రాలేదు. వాని ప్రశ్న నన్ను విడువనందున ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందు ఆ కథను చదువరులకు క్లుప్తముగా నివేదింపవలెను. అది భావికాలము. భూమి జనముతో క్రిక్కిరిసినది. ఇతర గ్రహములకు నేరుగా అడుగిడుటకు వలయు ద్వారములను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అచ్చట స్థిరపడగోరు యువజనులకు పాఠశాలలోనే ప్రాణరక్షణవిద్య నేర్పుదురు. దాని తుదిపరీక్ష ఏమనగా, పేరు తెలియని గ్రహమున విద్యార్థిని ఒంటరిగా విడుతురు. రెండు దినములు మొదలు పది దినములలోగా ద్వారము మరల తెఱచుకొనును. అంతవరకు బ్రదికియున్నవాడు ఉత్తీర్ణుడు. రాడ్ వాకర్ అను బాలుడు తుపాకి తీసికొనిపోదలపగా, సైన్యములో నున్న వాని అక్క వలదనినది. తుపాకి చేతనున్నవాడు తానే బలవంతుడనని భ్రమపడును, దాగుకొనుట మఱచును అని ఆమె తలంపు. వాడు కత్తులతో పోయెను. పదవ దినము గడచెను, ద్వారము తెఱచుకొనలేదు. దాదాపు రెండేండ్లు తెఱచుకొనలేదు.

చెదరినవారు ఒకరొకరుగా కూడుకొని చిన్న ఊరైరి. ఊరికి పెద్ద కావలెను. రాడ్ వారికి మొదటినుండి నిప్పును, తిండిని, కావలిని అమర్చినవాడు. కాని ఎన్నికలో గెలిచినది గ్రాంట్ కౌపర్ అను పెద్దవయసు విద్యార్థి. రాజ్యాంగశాస్త్రము చదివినవాడు, మాటనేర్పరి, సంఘముల మీద ఉపసంఘములు వేయుటయందు దిట్ట. గోడ మాత్రము లేవలేదు. (ఈ భాగము చెప్పునప్పుడు మా పిల్లలు తమ గ్రామపంచాయతీని తలచుకొని నవ్విరి, నేను ఆపలేదు.) రాడ్ దూరము పోయి, మృగములు చొరరాని గుహలను కనుగొని వచ్చెను. కౌపరు మాట నెగ్గెను. ఇది మన ఊరు, ఇచ్చటనే నిలుతుమని ఊరివారు నిశ్చయించిరి. తరువాత, అంతవరకు సాధువులని తలచిన జంతువులు ఋతువు మాఱగానే క్రూరములై మందలుగా పైబడెను. ఆ పోరాటమున కౌపరు చనిపోయెను. పిమ్మట రాడ్ నాయకుడయ్యెను.

మా పిల్లవాడు తప్పనినది ఈ నిలుచుటనే. నేను కథ చెప్పిన తీరును అట్లే యుండెనని యొప్పుకొందును. చచ్చినవాడు తప్పినవాడు, బ్రదికినవాడు ఒప్పినవాడు అన్నట్లు చెప్పితిని.

ఇట్టి కథలకు ఆంగ్లమున కొదువ లేదు. హైన్‌లైన్ నవలకు ఒక్క యేడు ముందు, 1954లో, విలియం గోల్డింగ్ తన 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' ప్రకటించెను. పెద్దలు లేని దీవిలో చిక్కుకొన్న బాలురు కొలది కాలములోనే వేటగాండ్రై ఒకరినొకరు చంపుకొనుట అందలి కథ. గోల్డింగ్ బడిపంతులు. మా వృత్తివారికి పిల్లలమీద గల అపనమ్మకమును లోకమంతట చాటినవాడాయన. నిజముగా జరిగినది వేఱు. 1965లో టోంగా దేశమున ఆఱుగురు బడిపిల్లలు చెప్పక పడవ నెక్కి, తుపానున కొట్టుకొనిపోయి, అటా యను నిర్జనద్వీపమునకు చేరిరి. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అను ఆస్ట్రేలియా నావికుడు వారిని కనుగొనువఱకు, సుమారు పదునైదు నెలలు, వారు తోట వేసికొని, నిప్పు ఆరకుండ కాపాడుకొని బ్రదికిరి. ఒకని కాలు విఱిగినపుడు తక్కినవారు కట్టెలతో కట్టుకట్టి, వాని పని తాము పంచుకొనిరి. ఇరువురు కలహించినచో చెరియొక దిక్కునకు పోయి, కోపము తగ్గిన వెనుక మరలి వచ్చుట వారిలో నియమము. రాజును ఎన్నుకొనినట్లు లేదు.

ఆ దీవిని గూర్చిన మఱియొక సంగతి నన్ను చిరకాలము తొందరపెట్టినది. అందు కోళ్ళు, అరటిచెట్లు, చేమదుంపలు ఎచ్చటినుండి వచ్చినవి? ఒకప్పుడు అది జనులున్న దీవియే. 1863లో బానిసల వ్యాపారము చేయు ఓడవారు అచ్చటి జనులలో అనేకులను ఎత్తుకొనిపోగా, మిగిలినవారిని టోంగారాజు వేఱొక దీవికి తరలించెను. ఆ పిల్లలను బ్రదికించినది వెడలగొట్టబడినవారి తోట. నిర్జనభూమి యని మనము చెప్పుకొను దానియందు మనుష్యుని చేతిజాడ ఉండకపోవుట అరుదు. హైన్‌లైన్ తన గ్రహమున మనుష్యులెవ్వరు లేరని ముందే వ్రాసికొని ఈ చిక్కును తప్పించుకొనెను.

మన ఉత్తరపు కొండలలో అట్లు తప్పించుకొను వీలు లేకపోయినది. ఆసిఫాబాదు, ఉట్నూరు ప్రాంతములలో గోండులు, కోలాములు తరతరములుగా పోడు కొట్టుకొనియు, ఎడ్లతో దున్నుకొనియు బ్రదుకుచుండిరి. గోండుగూడెమునకు పట్ల అను పెద్ద యుండును. అతని అధికారమెంత? కొండలలో నేల విస్తారముగా నున్నంతకాలము, పట్లతో పొసగని గృహస్థు బండి కట్టుకొని వేఱొక గూడెమునకు పోవచ్చును. లేదా నలుగురు కలిసి క్రొత్త గూడెము కట్టుకొనవచ్చును. అన్యాయము చేయు పెద్దకు ఒకనాటి ఉదయమున తన చుట్టు ఇండ్లు ఖాళీయగుట కనబడును. ఏ రాజ్యాంగశాస్త్రమును చదువకయే పెద్దను అదుపులో నుంచు ఉపాయమిది.

నిజాము ప్రభుత్వమువారు అడవికి హద్దులు గీయించి రక్షితారణ్యములు చేసినపుడు పోయినది నేల ఒక్కటియే కాదు. వెడలిపోవు దారి పోయినది. గీత కిటు నున్నవాడు భూమిపతులకును, వడ్డీవ్యాపారులకును దొరకెను. గీత కటు నున్నవాడు ఆక్రమణదారుడని పిలువబడెను. తాత నాటిన ఇప్పచెట్టు క్రిందనే నిలిచియుండి, మనుమడు చిక్కువడినవాడయ్యెను. వానిని చుట్టుముట్టినది కాగితముమీది గీతయే అయినను, దానిని దాటుట సముద్రమును దాటుటకన్న సులభము కాలేదు.

కుమ్రం భీము ఇట్టి చోట నాయకుడయ్యెను. ప్రచారమందున్న జీవితకథ ప్రకారము, ఆయన 1901లో ఆసిఫాబాదు ప్రాంతపు సంకెపల్లిలో జన్మించెను. తండ్రి పోయిన తరువాత కుటుంబము సుర్దాపూరు చేరి అడవి నఱికి చేను చేసికొనినది. పంట చేతికి వచ్చువేళ సిద్దీకు అనువాడు ఆ నేల తనదని వచ్చెను. తగవులో భీము కొట్టిన దెబ్బకు అతడు మరణించెను. భీము చాందాకును, అచ్చటినుండి అస్సాము తేయాకుతోటలకును పోయెనని చెప్పుదురు. కొన్నేండ్లకు తిరిగి వచ్చి బాబేఝరి, జోడేఘాట్ మొదలగు పన్నెండు గూడేలవారిని కూడగట్టెను. వారు అడవిలో గుడిసెలు వేసికొనిరి. అటవీశాఖవారు వానిని తగులబెట్టిరి. వారు మరల వేసికొనిరి. భీము హైదరాబాదు పోయి ప్రభువులకు మొఱపెట్టుకొనజూచెను. ఫలము లేకపోయినది. 1940లో సాయుధులగు పోలీసులు జోడేఘాటు ఎక్కిరి. భీమును, ఆయనతోడివారు పలువురును కాల్పులలో చనిపోయిరి. ఆయనకు అప్పటికి నలువదేండ్లు నిండలేదు. నేను దాటివచ్చిన వయస్సు.

మా పిల్లలకు భీమును గూర్చి తెలియదని కాదు. 2022లో వచ్చిన ఒక గొప్ప చలనచిత్రమున ఆ పేరు ధరించిన వీరుడు పులితో పెనుగులాడును, నృత్యము చేయును, జీవితమున ఎన్నడును కలిసికొనని అల్లూరి సీతారామరాజుతో చెలిమి చేయును. నాకును ఆ చిత్రము నచ్చినది. కాని దారి చూపువాడు లేని ఆ నగరమునకు కొండలనుండి దిగిపోయిన గోండు, ఎవ్వరును వినకపోగా తిరిగి నడచి వచ్చుట అందు లేదు. నాయకత్వమును గూర్చి మనము నేర్చుకొనదగినది ఆ నడకయందు ఉన్నదని నా అభిప్రాయము.

ఇప్పుడు కఠినమైన ప్రశ్న. జోడేఘాటున నిలుచుట తగునా? తుపాకుల యెదుట గూడెమును నిలిపిన నాయకుడు, గుహలున్నను ఊరు విడువనన్న కౌపరువంటివాడు కాడా? ఊరికొఱకు ఇంటిని, దేశముకొఱకు ఊరిని విడువవచ్చునను విదురనీతిని మేము చిన్ననాట వల్లించినవారము. ప్రాణము నిలుపుకొనుట నాయకునకు మొదటి ధర్మము కాదా? ఇది తోసిపుచ్చరాని ఆక్షేపణ. గూడెములలో పిల్లలుండిరి, ముసలివారుండిరి. చనిపోయినవారి భార్యలు ఆ తరువాత చాలకాలము బ్రదుకవలసి యుండెను. వారి సమ్మతిని వేఱుగా ఎవరు అడిగిరి? ఏ కథకుడును ఇది వ్రాసియుంచలేదు. వీరగాథలు వ్రాయువారు ఈ ప్రశ్నను దాటిపోవుట నాకు సమ్మతము కాదు.

దీనికి బదులు చెప్పుటకు ముందు నా సొంత అవమానము నొకదానిని చెప్పవలసియున్నది.

పదునొకండేండ్ల క్రిందట, అప్పటి ఆదిలాబాదు జిల్లాలో పనిచేయు దినములలో, వైజ్ఞానిక ప్రదర్శనమునకు పోయి ఇరువదిద్దఱు పిల్లలతో బస్సులో తిరిగి వచ్చుచుంటిని. చీకటి పడువేళ, జోరువానలో, ఒక వాగు ఒడ్డున బస్సు చెడిపోయినది. సెల్‌ఫోను పలుకలేదు. డ్రైవరు సాయముకొఱకు వెనుకకు నడచిపోయెను. అప్పుడు ఎనిమిదవ తరగతి చదువు గోండుబాలిక యొకతె నాయొద్దకు వచ్చి, "సార్, వాగు ఎక్కుతది. మీదికి పోదాం" అనినది. బస్సు విడిచి ఎవ్వరును కదలరాదని నేను గట్టిగా చెప్పితిని. ఆమె వాదింపలేదు. దిగి, నీటి అంచున ఒక కఱ్ఱ నాటి వచ్చి, కిటికీయొద్ద కూర్చుండి దానిని చూచుచుండెను. అరగంటలో కఱ్ఱ మునిగినది. అప్పుడు నేను లేచి, అందఱిని గట్టుమీదికి పోవలసినదని ఆజ్ఞాపించితిని. ఆ యాలోచన నాదే యైనట్లు.

తెల్లవాఱువఱకు చెట్లక్రింద తడిసితిమి. ఇద్దఱు పిల్లలకు జ్వరము వచ్చినది. ఉదయమున చూడగా నీరు బస్సు ముందుచక్రమును తాకి, తగ్గిపోయియున్నది. బస్సులోనే యుండినచో జ్వరమైనను తప్పెడిదని సహోపాధ్యాయుడొకడు పరిహాసము చేసెను. ఫలమునుబట్టి చూచినచో అతనిదే ఒప్పు. అయినను ఆ బాలిక మాటయే సరియైనదని నేను ఆ నాడును ఎఱుగుదును, నేడును ఎఱుగుదును. అప్పటికి తెలిసినంతలో, ఆ కఱ్ఱ మునిగిన తరువాత, అటువంటి చోట పిల్లలను ఉంచరాదు. నీరు రాకపోవుట మా అదృష్టము.

నన్ను సిగ్గుపఱచినది నా అంచనా తప్పుట కాదు. ఆమె నోరు తెఱచిన క్షణముననే ఆమెకు నాకన్న ఎక్కువ తెలియునని గ్రహించితిని, గ్రహించియు కాదంటిని. ఇరువదిద్దఱు పిల్లలు చూచుచుండిరి గదా! ఆ అరగంటసేపు నేను కాపాడినది నా పెద్దఱికమును. మఱి ఆ పిల్లలు నన్ను విడిచి పోగలరా? చీకటి, వాన, అడవి. వారికి వేఱు దారి లేదు కనుకనే నా మాట చెల్లినది.

కావున మా పిల్లవాని ప్రశ్నకు నా బదులు ఇట్లున్నది. నాయకుని తీర్మానము తప్పో ఒప్పో ఫలమునుబట్టి తెలియదు, ఫలము వానలవంటిది. ముందుగా చూడదగినవి వేఱు. తెలిసినవాని మాట అతని చెవికి చేరుచున్నదా? ఆ తీర్మానమువలన మొదట దెబ్బతినువాడెవడు, నాయకుడా, వెనుకనున్నవారా? తనవారికి వెడలిపోవు దారి కలదో లేదో అతడెఱుగునా? కౌపరుకు గుహలుండెను. చూచి వచ్చినవాడు ఎదుటనే యుండెను. ఆ మాటను ఉపన్యాసముతో కప్పివేయుట ఆతని దోషము. మృగములు పైబడకపోయినను అది దోషమే. భీము ఎదుట గుహలు లేవు. విడిచి పోదమన్న ఎచ్చటికి? దిగువ ఊళ్ళలో ఇతరుల పొలములలో పాలేరులగుట ఒక్కటియే మిగిలినది. పైగా ఆయన, కథనములు నిజమైనచో, వెడలిపోవుట యెట్టిదో ఒడలితో నెఱిగినవాడు. అస్సాములో తన యొక్కని కడుపు నిండుచుండగా తిరిగి వచ్చెను. విన్నపము తానే మోసికొనిపోయెను. అది వ్యర్థమైన పిమ్మటనే ఆయుధము పట్టెను, ముందువరుసలో నిలిచెను. స్త్రీల సమ్మతి సంగతి మాత్రము అట్లే మిగిలియున్నది. దానికి నాయొద్ద సమాధానము లేదు.

మహాభారత శాంతిపర్వమున ఒక కథ కలదు. బలవంతుడు బలహీనుని మ్రింగు కాలమున ప్రజలు మనువును రాజుగా నుండుమని వేడిరి. ఆయన మొదట ఒల్లననెను. మనుష్యులను ఏలుట కష్టము, పాపమంటునని భయపడెను. ప్రజలు ధాన్యములో, పశువులలో భాగమిత్తుమని ఒప్పించిరి. సంస్కృతపాఠశాలలో ఇది చదివినపుడు రాజును ఎట్లు తెచ్చుకొనిరో ఆశ్చర్యముతో వింటిమి. రాజు కూడనివాడైనచో ప్రజలు ఎటు పోవలెనని గురువుగారిని మాలో ఒక్కడును అడుగలేదు.

అడుగకపోవుటకు కారణము మా ఇండ్లలోనే యుండెనేమో. పుట్టినింటివారు తిరిగి రావలదనిన కోడలికి అత్తవారిల్లు ఎట్టిది? ఆమెకు చదువు లేదు, చేతిలో కాసు లేదు, పేర భూమి లేదు. ఆ యింటి పెద్ద మంచివాడే కావచ్చును. తనమాట అందఱు వినుచున్నారని ఆయన సంతోషపడవచ్చును. కాని అది ఆయన మంచితనమువలన వచ్చిన విధేయతయో, ఆమెకు బండి కట్టుకొని పోవు గూడెము లేకపోవుటవలన వచ్చినదో, తెలిసికొను ఉపాయము ఆయనకు లేదు. మన చదువరులలో ఇండ్లకు పెద్దలైనవారు పెక్కుమంది. నేనును ఒకడను. నా భార్య ఉద్యోగమునకు పోవుట మొదలిడిన యేడు మా ఇంట నామాటకు ఎదురుమాటలు ఎక్కువైనవి. అంతకుముందటి నిశ్శబ్దమును నేను సమ్మతి యనుకొంటిని.

జోడేఘాటు తరువాత జరిగినది క్లుప్తముగా. నిజాము ప్రభుత్వమువారు ఆ కొండలలోని అసంతృప్తిని తెలిసికొనుటకు క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్‌హైమెండార్ఫ్ అను ఆస్ట్రియాదేశపు మానవశాస్త్రజ్ఞుని నియోగించిరి. ఆయన మార్లవాయిలో కాపురముండి గోండీభాష నేర్చి, విని, వ్రాసెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది. గోండీలో వాచకములు వచ్చినవి. అనేక కుటుంబములకు పట్టాలు దొరకినవి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు చేరరాదను నిబంధన 1970 నాటికి గట్టిపడినది. అంతతో తీరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమికొఱకు కూడిన గోండులపై మరల కాల్పులు జరిగినవి. ఇవన్నియు భీము మరణమునకు ఫలములని చెప్పి ఆయనను ఒప్పినవానిగా నిరూపించుట నాకిష్టము లేదు. ఇంతకుముందు ఫలమును నమ్మరాదని వ్రాసి, ఇప్పుడు దానినే సాక్ష్యమునకు పిలుచుట న్యాయము కాదు. ఏ పట్టాయు రాకపోయినను ఆ నడక, ఆ నిలుచుట అట్టివే.

హైన్‌లైన్ నవల కడపటి భాగమును పిల్లలకు త్వరత్వరగా చెప్పితిని. ద్వారము తెఱచుకొనును, పెద్దలు వత్తురు, ఊరివారందఱు సంతోషముతో ఇండ్లకు పోవుదురు. రాడ్ ఒక్కడు ఖాళీయైన ఊరిలో నిలిచిపోవును. ఊరిని ఏలినవానిని వచ్చినవారు చిన్నపిల్లవానివలె చూతురు. దారి తెఱచుకొనగానే ఒక్కరును ఆగకపోవుట చూచి, వాడు నాయకుడే కాడని మా తరగతిలో ఒక పిల్ల అనినది. ఇల్లు గుర్తు వచ్చి పోయినారు గాని వానిమీది కోపముతో పోలేదని మఱియొకతె అనినది. వాదము పెరిగినది. నేను కలుగజేసికొనలేదు.

నిన్న వెనుకబల్ల పిల్లవానిని పిలిచి, బస్సు సంగతి, కఱ్ఱ సంగతి చెప్పితిని. ఈ వ్యాసములోని తక్కిన వాదమంతయు చెప్పబోవుచుండగా వాడు అడ్డము వచ్చి, "సార్, ఆ అక్కకు తెల్లారినంక ఏం చెప్పిన్రు?" అని యడిగెను.

ఏమియు చెప్పలేదు. డ్రైవరు ట్రాక్టరు తీసికొనిరాగా హాజరుపట్టీ తీసి పిల్లలను లెక్కపెట్టితిని. ఆమె పేరు పిలిచినపుడు "హాజర్ సార్" అని పలికినది. తరువాతి పేరు పిలిచితిని.